నాయన పేరు

"కుప్పయ్యన్నా, బండి ఆపు! కదిలించినావంటే సూడు!"

వీధి మొదట్లోనే అరవడం మొదలుపెట్టాను. పన్నెండేళ్ళుగా బస్సులో "ముందుకు జరగండి" అని అరిచిన గొంతు నాది. నాలుగిళ్ళలో తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనీ.

మా ఇంటి ముందు కుప్పయ్య ఆటో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. వెనక సీట్లో మా అత్త చీరల సంచి, దాని పక్కన నా కూతురి గులాబీ రంగు బ్యాగు, ఆ బ్యాగును ఒళ్ళోకి లాక్కుంటూ నా కూతురు పవిత్ర. రెండు జడలు, తలనిండా మల్లెపూలు. తొమ్మిదేళ్ళ పిల్ల పెళ్ళికి పోతున్నట్టు ముస్తాబై కూర్చుంది.

"అమ్మా! చిన్నాయన వాళ్ళూరికి పోతాండా! పులికాట్‌లో పడవ ఎక్కిస్తాడంట!"

"దిగు."

"అవ్వ కూడా వస్తాండాదిమా. నాయన సరే అన్నాడు. నీకు ఫోన్లో చెప్పినా కదా!"

చెప్పింది. ఆ ఫోన్ వచ్చాకే నేను డిపోలో తోటి కండక్టరు కోమలి కాళ్ళావేళ్ళా పడి, రెండో ట్రిప్పు దాని మెడకు చుట్టి, యూనిఫారం కూడా మార్చుకోకుండా పరిగెత్తుకొచ్చాను.

"పదకొండు గంటల బస్సు అందుకోవల్లని ఊపిరి తీసుకోనీకుండా తరిమినారు నన్ను," అన్నాడు కుప్పయ్య. "ఇప్పుడు నువ్వొచ్చి ఆపమంటావు. ఏందమ్మా మీ గలాటా?"

"నువ్వు ఇంజను ఆపేసి టీ తాగి రా పోన్నా. పిల్ల ఈడే ఉంటాది. నేను చెప్పేదాకా చక్రం తిరగకూడదు."

ఆటో తాళం తీసి నా జేబులో వేసుకున్నాను. కుప్పయ్య గొణుక్కుంటూ టీ కొట్టు వైపు నడిచాడు.

లోపల ముగ్గురూ ఉన్నారు.

మా అత్త చంద్రకాంతమ్మ మంచం మీద కూర్చుంది. నీలం అంచు కొత్త చీర. చేతిలో ప్లాస్టిక్ కవరేసిన ఆధార్ కార్డు. బస్సులో ఆడోళ్ళకు ఉచితమని కార్డు ఇప్పుడే తీసి పట్టుకుంది. మా ఆయన మునిచంద్ర మీటరు పెట్టె కింద నిలబడి చేతిలోని టెస్టర్‌ను తిప్పుతున్నాడు. వైరింగు పని మనిషి, ఇంట్లో ఏ గొడవ వచ్చినా మీటరు పెట్టె కిందికే పోతాడు.

మూడోవాడు వంటింటి తలుపు వెనక ఉన్నాడు. గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని.

పన్నెండు రోజులుగా ఇదే వరస. ఒకరోజు పొద్దున్నే గడపలో నిలబడి, "నేను గంగాధరం కొడుకు బాలచంద్రని" అన్నాడు. ముప్ఫైఒక్క సంవత్సరాల కిందట తిరుపతి జాతరలో తప్పిపోయిన కొడుకు. అత్త అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ పూట ఆమె మూడు ముద్దలు సంగటి తింది. ఏడాది కిందట మామ పోయినప్పటి నుంచీ మనిషి తిండి మాని పుల్లలా అయిపోయింది కదా, ఆ మూడు ముద్దలు చూసి నేను కూడా ఏడ్చాను. కాదనను.

కానీ వాడి పద్ధతి నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. అత్త వంటింట్లో మాట్లాడుతుంటే తలుపు వెనక చేరి వింటాడు. దండెం మీది ఆమె చీరను మొహానికి ఆనించుకుంటాడు. మొన్న పవిత్ర వచ్చి, "చిన్నాయన కండ్లు మూసుకోని ఇల్లంతా నడుస్తాడుమా, యాడా తగులుకోడు" అంది సంతోషంగా. ఇంటి కొలతలు తీసుకునే మనిషిని ఇంట్లో పెట్టుకున్నామా అని మునిని అడిగితే, "తమ్ముడు కదా" అని మీటరు పెట్టె కిందికి పోయాడు.

అలాంటివాడి వెంట ఈ రోజు నా కూతురు పోతోంది.

"మునీ, ఎవురినడిగి పిల్లని పంపిస్తాండావు?"

"నాలుగు దినాలే కదా వేణీ. అమ్మ తోడుంటాది."

"అమ్మకి తోడెవురు?"

మా ఆయన టెస్టర్ వైపు చూసుకున్నాడు. జవాబు అత్త నుంచి వచ్చింది.

"నా కొడుకు ఉండాడు కదా పాపా. ఇన్నేండ్లూ పెద్దోడి దగ్గర ఉంటి. నాలుగు దినాలు చిన్నోడి ఇంట్లో ఉండి వస్తా. వాణ్ణి సాకిన తల్లిని సూడాల. ఆమె కాళ్ళు మొక్కాల."

"పో అత్తా, నిన్నెవురు వద్దన్నారు? నా బిడ్డ పోదు. ముందు ఈ అబ్బోణ్ణి నేను ఒకటి అడగాల."

తలుపు వెనక కళ్ళు తెరుచుకున్నాయి.

"అడుగు వదినా," అన్నాడు.

ఆ గొంతులో తొందర ఉండదు. అదే నాకు మంట.

"తప్పిపోయినప్పుడు నీకెన్నేండ్లు?"

"ఐదు."

"ఎట్లా తప్పిపోయినావు?"

"జాతరలో ఏషాలేసినోళ్ళు గుంపుగా వచ్చినారు. ఒకడు మొగమంతా మసి పూసుకోని నా మీదికి వంగినాడు. బెదిరిపోయి అమ్మ కొంగు వదిలేసినా."

"మీ నాయన పేరేంది?"

"గంగాధరం."

టక్కున చెప్పాడు. దానికోసమే కాచుకుని ఉన్నాను నేను.

"ఆ పేరు నీకెవురు చెప్పినారు?"

టెస్టర్ తిరగడం ఆగిపోయింది.

"మా నాయన పేరు నాకు ఇంకొకరు చెప్పాల్నా వదినా?"

"చెప్పాల. ఈ ఇంట్లో పుట్టినోడికి చెప్పాల."

అత్త వైపు తిరిగాను. గెలిచేశానని లోపల సంబరంగా ఉంది. ఆ సంబరం నాకు ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ దొంగ టికెట్టు పట్టుకున్నప్పుడు కలిగే హుషారు అది, ఆపుకోలేకపోయాను.

"అత్తా, నువ్వే చెప్పు. మామ పేరు నీ నోటితో ఒక్కసారైనా పలికినావా?"

అత్త మాట్లాడక్కరలేదు, వీధి వీధంతా ఎరుగుదురు. మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని ఆమెకు ఎవరో చిన్నప్పుడే నూరిపోశారు. పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా నోట రానివ్వదు. ఊరంతా గంగమ్మ జాతర అంటే మా అత్త ఒక్కతే "ఊరమ్మ జాతర" అంటుంది. పెళ్ళైన రెండో రోజు నేను వాకిట్లో నిలబడి "మునీ" అని కేకేస్తే ఆమె చేతిలోని తట్ట కింద పడింది. ఇక మామను పిలవాలంటే నోరే విప్పేది కాదు. చెంబు తీసుకుని వంటింటి తలుపు చట్రానికి ఠంగుమని రెండు దెబ్బలు కొట్టేది. మామ లేచి వచ్చేవాడు. ఆ చట్రం మీద సొట్టలు ఈ రోజుకీ ఉన్నాయి.

"వీధిలో అందురూ మామని మేస్త్రీ అనే పిలిచేది," అన్నాను. "మునీ, నీకు మీ నాయన పేరు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడు అదెందుకు వేణీ..."

"ఎప్పుడు తెలిసింది?"

"బడిలో చేర్చినప్పుడు. అయివారు రాసుకుంటాంటే విన్యా."

"మీ తమ్ముడు బడికి పోయినాడా?"

మా ఆయన తమ్ముడి వైపు చూశాడు.

"ల్యా. ఆ ఏడు చేర్చాలనుకున్నారు."

"విన్నావా అబ్బోడా? ఈ పొద్దు తిరపతి బస్టాండులో నా బస్సు కాడ ఒక పిల్లోడు తప్పిపోయి ఏడుస్తాండె. మీ నాయన పేరేందిరా అంటే 'డాడీ' అన్నాడు. నాలుగుసార్లు అడిగినా అదే మాట. వాళ్ళమ్మ వచ్చి ఎత్తుకోని పోయింది కాబట్టి సరిపోయె. అప్పుడు తట్టింది నాకు. ఈ ఇంట్లో ఐదేండ్ల బిడ్డకి నాయన పేరు తెలిసే దోవే లేదు. తెలిసుంటే ఎవురో ఒకరు అప్పుడే తెచ్చి దింపేవాళ్ళు. ముప్ఫైఒక్క ఏండ్లు రాని పేరు పన్నెండు దినాల కిందట నీ నోట్లోకి యాడి నుంచి వచ్చింది?"

బయట పవిత్ర ఆటో హారన్ నొక్కింది. ఎవరూ అటు చూడలేదు.

వాడు నన్ను చూడలేదు. మా ఆయన్ని చూశాడు.

"నువ్వే చెప్పున్నా," అన్నాడు మెల్లగా. "నేను చెప్తే బాగుండదు."

టెస్టర్ కింద పడింది.

"మునీ?"

"నేనే చెప్పినా," అన్నాడు మా ఆయన. "పేరు నేనే చెప్పినా. వీధి, ఇల్లు, జాతర... అన్నీ నేనే నేర్పించినా."

గోడ పట్టుకున్నాను.

"అమ్మ సచ్చిపోతాండె వేణీ! నువ్వు సూడలేదా? పొద్దూ మాపూ బాలా బాలా అనేది, మంచినీళ్ళు కూడా మింగేది కాదు. నాయుడుపేటలో ఫ్యాక్టరీ వైరింగు పనికి పోయినప్పుడు ఆడ లోడు ఎత్తే ఈ మనిషి కలిసినాడు. నాకూ అమ్మానాయనా యాడుండారో తెలీదన్నాడు. వయసు సరిపోయె. రెండు దినాలు వచ్చి అమ్మా అని పిలిచి పోప్పా అని కాళ్ళు పట్టుకుంటి. రెండంటే రెండు దినాలు!"

"మళ్ళా ఏమాయె?"

"పోలేదు. మూడోనాడు పొమ్మంటి. పోలేదు. రోజూ అడుగుతాండా. గోడ పట్టుకోని నిలబడతాడు, పోతాలే అన్నా అంటాడు. నాకే భయం పట్టుకుంది వేణీ. నేను తెచ్చి పెట్టిన మనిషి, ఎవురికి చెప్పుకునేది? రేత్రి అమ్మ వీళ్ళూరికి పోతానంటే పోనీ అనుకున్నా. ఇంట్లో నుంచి కదిల్తే చాలనుకున్నా."

"కదిలేదానికి నా బిడ్డని జత చేస్తివా? నీకు పుట్టిన బిడ్డని? ముక్కూ మొగం తెలీనోడి వెంట?"

ఏం చేశానో నాకే తెలియదు. మునిచంద్ర చొక్కా కాలరు నా చేతిలో ఉంది. ఒక గుండీ తెగి మంచం కిందికి దొర్లింది. మా పద్నాలుగేళ్ళ సంసారంలో నేను నోరు చేసుకున్నాను గానీ చెయ్యి చేసుకోలేదు. మొదటిసారి చెయ్యి లేచింది.

"వదిలెయ్ పాపా," అంది అత్త. "నాకు తెలుసు."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"గడపలో నిలబడి ఆయన పేరు చెప్పినాడు సూడు, అప్పుడే తెలుసు. నా బిడ్డకి ఆ పేరు తెలీదు. నేను తెలీనిస్తే కదా!" ఆధార్ కార్డును బొటనవేలితో రుద్దుతోంది. ఆ కార్డు మీద మామ పేరు ఉంది. అత్తకు చదువు రాదు. "నా నోటివల్లే నా బిడ్డ ఇల్లు చేరలేదని ముప్ఫై ఏండ్లు ఏడ్చినా. ఇతను వచ్చి అమ్మా అన్నాడు. ఎవురి బిడ్డయితే ఏమిలే అనుకున్నా. ఆకలైంది, అన్నం తిన్నా."

మా ఆయన నేల మీద కూలబడ్డాడు. నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ఏడుస్తూనే వాడి సంచి తీసి గడప బయట విసిరాను.

"పో. ఇంక దాపరికం లేదు కదా. పో ఈడి నుంచి."

"పోతా వదినా," అన్నాడు. కదలలేదు. "రెండు దినాలకే వచ్చినా. నిజం. మూడోనాడే పోదామని చెప్పులేసుకున్నా. అప్పుడు అమ్మ వంటింట్లో పోపేసి, ఎవురితోనో మాట్లాడతాండాది. ఆ గొంతు ఈ తలుపు వెనక నుంచి ఇంటే..." ఆగాడు. "ఈ గోడ సల్లదనం నాకు తెలుసు వదినా. ఎట్లా తెలుసో తెలీదు. కండ్లు మూసుకుంటే కాళ్ళు వాటంతట అవే పోతాండాయి. నాకే భయమేసింది. నేర్చుకున్న ఏషం నిజమనుకుంటాండానేమో, పిచ్చి పట్టిందేమో అనుకున్నా."

"సాలప్పా నాటకం!"

"నేను కూడా తప్పిపోయినోణ్ణే. అది అన్న నేర్పించింది కాదు. నిద్రపోయి లేసేసరికి ఏదో బస్సులో ఉండా. నాయుడుపేటలో దించినారు. జనం చుట్టూ చేరి పేరేందిరా అంటే చిన్నోడన్నా, ఊరేదిరా అంటే తెలీలేదు. ఊరమ్మ జాతరకి పోయినామన్నా. ఆ పేరుతో జాతర యాడా లేదన్నారు."

"ఆ మాట పన్నెండు దినాలుగా ఈ ఇంట్లో వింటానే ఉండావు," అన్నాను.

"విన్నా. అందుకే నాకూ నమ్మకం కుదరలే. ఇంకొకటుండాది వదినా. ఈ ఇంట్లో ఎవురూ అనలేదు. అన్నకి నేను చెప్పలేదు. నన్ను సాకిన అమ్మకి తప్ప ఎవురికీ చెప్పలేదు. మీ నాయన పేరేందిరా అంటే నేను చెప్పిన పేరుకి బస్టాండంతా నవ్వినారు. అట్లాంటి పేరు మనుషులకి ఉండదన్నారు. నాకు సిగ్గేసి మళ్ళా ఎప్పుడూ అనలే."

"ఏం పేరది?"

అడిగింది నేను కాదు. అత్త.

వాడు ఒకసారి గోడ వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. ముప్ఫై ఆరేళ్ళ మగవాడు, తప్పు చెప్తే కొడతారేమో అన్నట్టు భయపడుతూ చెప్పాడు.

"ఇంటిరా."

నేను మునిచంద్రను చూశాను. అతను నన్ను చూశాడు. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. పద్నాలుగేళ్ళలో ఈ ఇంట్లో ఆ పేరు నేను వినలేదు.

అత్త చేతిలోని కార్డు జారి నేల మీద పడింది.

ఆమె లేచింది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికి రోజూ నా భుజం అడిగే మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గది దాటి పోయి వాడి ఎదురుగా నిలబడింది.

"ఇంకోసారి అను."

"ఇంటిరా. మా నాయన పేరు ఇంటిరా."

"అది పేరు కాదప్పా!" అత్త రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా కొడకా, అది పేరు కాదు! నేను పొయ్యి కాడ నుంచి కేకేస్తా ఉంటి కదా. ఇంటిరా, అన్నానికి రండి. ఇంటిరా, నీళ్ళు కాగినాయి. నా మాట ఇంటిరా, వింటాండారా అని! మీ నాయన పలికేవాడు. నువ్వు ఈ తలుపు వెనక కూర్చోని ఆడుకుంటాంటివి. ఆయన పేరే అదనుకుంటివా? ఆ పేరే చెప్తివా అందరికీ?"

"నిజమేనా అమ్మా?" అన్నాడు మునిచంద్ర. "నాకు గుర్తే లేదే..."

"నువ్వు తాత దగ్గర పెరిగితివి, నీకెట్లా గుర్తుంటాది? వాడు పోయిన దినం నుంచి ఆ మాట నా నోట్లో నుంచి రాలేదు. ఎట్లా వస్తాది? ఆ మాటతో పిలిస్తే తలుపు వెనక నుంచి వాడే పలికినట్టుండేది. దానికే సెంబు కొట్టింది నేను. సచ్చేదాకా మీ నాయన్ని సెంబు కొట్టే పిలిచినా."

చట్రం మీది సొట్టల వైపు చూశాను. ఆ చెంబు శబ్దానికి నేను ఎన్నిసార్లు నవ్వానో, డిపోలో తోటివాళ్ళకు చెప్పి ఎన్నిసార్లు నవ్వించానో నాకు తెలుసు.

అత్త వాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. మెడ నరాలు ఉబ్బాయి. మామ పోయి ఏడాది దాటింది, తరగడానికి ఆయుష్షు లేదు, అయినా ఆ నోరు తెరుచుకోవడానికి ఎంత కష్టపడిందో నేను కళ్ళారా చూశాను.

"గం..." అంది. "గంగాధరం. మీ నాయన పేరు గంగాధరం, బాలా. ఇంకెవురైనా అడిగితే అట్లా చెప్పు."

వాడు చిన్నపిల్లాడిలా తలూపాడు. అంతవరకు తడి చూడని ఆ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

మునిచంద్ర ముఖం చేతుల్లో దాచుకున్నాడు. వేషానికని తెచ్చిన మనిషే అసలు తమ్ముడంట! నమ్మాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఒక్క మాట మీద బిడ్డను అప్పగిస్తావా అని అదే ప్రాణం నన్ను నిలదీస్తోంది. పన్నెండు రోజులు అబద్ధమాడిన మనిషి. ఆ అబద్ధాన్ని తెచ్చి ఇంట్లో పెట్టిన మొగుడు. ఆ ఇద్దరికీ మధ్య నా తొమ్మిదేళ్ళ పవిత్ర.

"అమ్మా!" పవిత్ర గడపలోకి వచ్చింది. విసిరేసిన వాడి సంచిని తనే ఎత్తుకుని గుండెలకు హత్తుకుని ఉంది. "బస్సుకి టైమైపోతాండాదిమా. చిన్నాయన సంచి కింద పడిపోయింది."

అత్త చిన్నకొడుకు చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి నా వైపు చాచింది, తాళం కోసం.

"నేను వీడి వెంట పోతాండా పాపా. పిల్ల నీ బిడ్డ. రమ్మంటావో వద్దంటావో నువ్వే చెప్పు."

ముగ్గురూ నా నోటి వైపు చూస్తున్నారు. పవిత్ర కూడా.

జేబులో కుప్పయ్య ఆటో తాళాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. వీధంతా వినబడేలా అరిచే గొంతు నాది. ఒక్క మాట బయటికి రాలేదు.